ఇంకొకరి సంతకం

హంతకుడెవరు అనే ప్రశ్న చుట్టూ నడిచే నవలలు తెలుగు పాఠకుడికి కొత్తకాదు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ని అద్దె పుస్తకాల షాపులోంచి తెచ్చుకుని రాత్రికి రాత్రే ముగించి పొద్దున్నే తిరిగిచ్చేసిన తరాలున్నాయి. మనసు లోతుల్లోకి దిగిన నవలలూ కొత్తకాదు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', బుచ్చిబాబు 'చివరకు మిగిలేది', నవీన్ 'అంపశయ్య' మన విమర్శకులు అరగదీసిన పేర్లే. కాని ఈ రెండు రకాలూ మన దగ్గర ఒకే ఇంట్లో కాపురం చెయ్యలేదు. ఒకటి రైలు ప్రయాణానికి, రెండోది యూనివర్సిటీ సెమినార్‌కి. హత్య చేసినవాడి మనసులోనే కూర్చుని, అక్కడినుంచి ఒక్క అడుగు కూడా బయటికి వెయ్యకుండా కథంతా చెప్పే నవలని ఏ అలమరలో పెట్టాలో మనకి తెలీదు. పెట్రీషియా హైస్మిత్ 1955లో రాసిన 'ది టాలెంటెడ్ మిస్టర్ రిప్లీ' అట్లాంటి నవల. 2024 ఏప్రిల్‌లో అది 'రిప్లీ' అనే పేరుతో ఎనిమిది భాగాల టీవీ సీరియల్‌గా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది.

అస్తిత్వం గురించి మాట్లాడుకునేచోట ఒక అమెరికన్ హంతకుడి కథ ఎందుకని మిత్రులు అడగొచ్చు. ఇది పేరు గురించిన కథ. దళిత మిత్రుల్ని మినహాయిస్తే, తన పేరు తనకంటే ముందే గదిలోకి నడిచిపోవడం అంటే ఏమిటో మాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఈ దేశంలో తక్కువమందే.

ఉర్దూ చదివే ఇళ్లలో నేర సాహిత్యం అనగానే ముందు గుర్తొచ్చేది ఇబ్నె సఫీ. అసలు పేరు అస్రార్ అహ్మద్. తండ్రి పేరు సఫీ గనక 'సఫీ కొడుకు' అని కలంపేరు పెట్టుకున్నాడు. 1952లో అలహాబాద్‌లో 'జాసూసీ దునియా' మొదలైంది. 1955లో, అంటే రిప్లీ పుట్టిన సంవత్సరమే, ఇమ్రాన్ అనే పాత్రతో ఇంకో వరస మొదలైంది. ఇమ్రాన్ పైకి వట్టి వెర్రిబాగులవాడు. లోపల రహస్య గూఢచారి దళానికి అధిపతి. తన కింద పనిచేసేవాళ్లకి కూడా ఆయనెవరో తెలీదు. రెండు పేర్లు, రెండు ముఖాలు. అట్లాంటిక్‌కి అవతల సరిగ్గా ఆ ఏడాదే రెండు పేర్లతో బతికే ఇంకొకడు పుట్టాడు. తేడా ఏమిటంటే ఇమ్రాన్ రెండో ముఖం ప్రభుత్వం కోసం. రిప్లీ రెండో ముఖం తనకోసమే. ఇబ్నె సఫీ పాఠకుడు పుస్తకం మూశాక నిశ్చింతగా నిద్రపోతాడు. హైస్మిత్ పాఠకుడికి ఆ సౌకర్యం లేదు.

కథ తెలియనివారికోసం రెండు ముక్కలు. టామ్ రిప్లీ న్యూయార్క్‌లో చిల్లర మోసాలతో పొట్టపోసుకునే పాతికేళ్ల కుర్రవాడు. చిన్నప్పుడే తల్లిదండ్రులు నీళ్లలో మునిగిపోతే బోస్టన్‌లో మేనత్త చేతికింద, సూటిపోటి మాటల మధ్య పెరిగాడు. పడవలు తయారుచేసే కంపెనీ యజమాని గ్రీన్‌లీఫ్ వాడిని పిలిచి, ఇటలీ సముద్రతీరంలో బొమ్మలేసుకుంటూ కాలక్షేపం చేస్తున్న తన కొడుకు డికీని ఇంటికి తీసుకురమ్మని ఖర్చులిచ్చి పంపుతాడు. టామ్ వెళ్తాడు. డికీ ఇల్లు, ఫ్రిజ్జు, ఉంగరాలు, చొక్కాలు, తీరిక, ప్రతినెలా ఇంటినుంచి వచ్చే డబ్బు, అన్నీ చూస్తాడు. డికీతో స్నేహం కావాలనుకుంటాడు. అది చేజారిపోతున్నట్టు అనిపించినప్పుడు డికీనే కావాలనుకుంటాడు. సాన్ రెమోలో అద్దె పడవమీద తెడ్డుతో కొట్టి చంపి, ఆ తర్వాత డికీ పేరుతో, డికీ పాస్‌పోర్టుతో, డికీ సంతకంతో రోమ్‌లో కాపురం పెడతాడు. డికీ స్నేహితుడు ఫ్రెడీ మైల్స్‌కి అనుమానం వచ్చినరోజున అతన్నీ చంపాల్సి వస్తుంది. అక్కడినుంచి కథంతా ఎప్పుడు ఏ పేరుతో ఉండాలనే లెక్క.

ఈ నవల తెరకెక్కడం ఇది మొదటిసారి కాదు. అచ్చయిన మరుసటి ఏడాదే, 1956లో, అమెరికన్ టెలివిజన్‌లో 'స్టూడియో వన్' అనే గంటసేపటి నాటకాల కార్యక్రమంలో వచ్చింది. 1960లో ఫ్రెంచి దర్శకుడు రెనె క్లెమాన్ అలెన్ డెలాన్‌తో 'ప్లాన్ సొలేయ్' తీశాడు. అందులో చివరికి శవం పడవకి చుట్టుకుని బయటపడుతుంది. హంతకుడు పట్టుబడబోతున్నాడని ప్రేక్షకుడికి భరోసా దొరుకుతుంది. ఆ భరోసాయే హైస్మిత్‌కి నచ్చలేదు. 1999లో ఆంథొనీ మింఘెల్లా మాట్ డేమన్‌తో తీసిన సినిమా మనవాళ్లు చాలామంది చూసిందే. అందులో ఎండ, సముద్రం, జాజ్ సంగీతం, జూడ్ లా అందం అన్నీ కలిసి టామ్ పడే ఆశని మన ఆశగా మార్చేస్తాయి. టామ్‌కి పశ్చాత్తాపం కూడా అంటగట్టారు. చివరి హత్య చేస్తూ ఏడుస్తాడు. మంచి సినిమాయే. కాని నవలలోని టామ్ ఏడ్చేవాడు కాడు. వాడికి భయం ఉంది, సిగ్గు ఉంది, అసహ్యం ఉంది. పశ్చాత్తాపం మాత్రం లేదు. అది లేకపోవడమే హైస్మిత్ కనిపెట్టిన విషయం.

2024 సీరియల్‌కి రచయితా దర్శకుడూ స్టీవెన్ జైలియన్. ఎనిమిది భాగాలూ ఆయనే రాసి ఆయనే తీశాడు. ముందు షోటైమ్ అనే అమెరికన్ చానెల్ కోసం మొదలై తర్వాత చేతులు మారింది. కాలాన్ని 1961కి జరిపి, నవలలోని కల్పిత గ్రామం బదులు అట్రానీ అనే నిజమైన ఊళ్లో తీశారు. మొత్తం నలుపు తెలుపు. ఛాయాగ్రాహకుడు రాబర్ట్ ఎల్స్‌విట్. దర్శకత్వానికి, ఛాయాగ్రహణానికి ఆ ఏడాది ఎమ్మీ అవార్డులొచ్చాయి.

నలుపు తెలుపు అనగానే పాతకాలపు మోజు అనుకునే ప్రమాదముంది. మా ఉద్దేశంలో ఈ సీరియల్ తీసుకున్న అతి తెలివైన నిర్ణయం అదే. 1999 సినిమాలో ఇటలీ ఒక పర్యాటక శాఖ పోస్టర్. ఇక్కడ సముద్రం సిరా రంగులో ఉంటుంది. రంగు తీసేసరికి డికీ జీవితంలోని మెరుపు పోయి దాని అడుగున ఉన్న వస్తువులు మిగిలాయి. పెన్ను, ఉంగరం, వాచీ, బూట్లు, గోడమీద పికాసో బొమ్మ. టామ్‌కి కావలసింది డికీ ఆనందం కాదు. ఆ ఆనందానికి అక్కరలేని సామాను. డబ్బున్నవాడు వస్తువుని చూడడు, వాడుకుంటాడు. లేనివాడే వస్తువుని చూస్తాడు. కెమెరా లేనివాడి చూపు అయింది.

ఇంక మెట్లు. అట్రానీలో డికీ ఇంటికి ఎక్కడానికి టామ్ ఎన్ని మెట్లు ఎక్కుతాడో లెక్కలేదు. చేతిలో పెట్టె, ఒంటిమీద సూటు, చెమట. సీరియల్ మొదలయ్యేదే రోమ్‌లో ఒక రాత్రి, ఒక మనిషి శవాన్ని మెట్లమీదుగా కిందికి లాగుతుండగా. ఫ్రెడీ శవాన్ని గదిలోంచి వీధిలోకి, కారులోకి, అక్కడినుంచి ఊరి బయట పాత అప్పియన్ దారికి చేర్చే ఆ భాగమంతా దాదాపు మాటల్లేకుండా నడుస్తుంది. నెత్తురు తుడవాలి. గుడ్డ పిండాలి. మళ్లీ తుడవాలి. కింద ఎవరో తలుపు తీసిన చప్పుడు. ఆగాలి. ఆ భవనంలోని లూసియో అనే పిల్లి కూర్చుని అన్నీ చూస్తూ ఉంటుంది. అంతకుముందు పడవమీద జరిగిన హత్య కూడా అంతే. తెడ్డు దెబ్బ రెండు నిమిషాల పని. ఆ తర్వాత శవాన్ని బరువుకట్టి ముంచడం, పడవని మాయం చెయ్యడం, మధ్యలో తనే నీళ్లలో పడి చావుకి దగ్గరగా వెళ్లిరావడం, ఇవన్నీ ఒక కూలివాడి పనిదినం చూపించినట్టు చూపించారు. మన సినిమాల్లో హత్య ఒక ఆవేశం, ఒక కత్తి మెరుపు, వెనక ఒక డప్పు. ఇక్కడ హత్య చాకిరీ. చూసేవాడికి ఒళ్లు నొప్పి పుడుతుంది.

చాలామంది విమర్శకులు ఇది మరీ నెమ్మది అని విసుక్కున్నారు. రెండుగంటల సినిమాకి ఆ వ్యవధి లేదు, ఎనిమిది గంటల టెలివిజన్‌కి ఉంది. నవలలో హైస్మిత్ వాక్యం టామ్ ఆలోచన వెంట నడుస్తుంది. ఇప్పుడేం చెయ్యాలి, ఈ చొక్కా ఎక్కడ పెట్టాలి, ఈ ఉత్తరంలో ఏ మాట రాస్తే డికీ రాసినట్టుంటుంది. ఆ ఆలోచనని తెరమీద పలికించడానికి జైలియన్ వెనకనుంచి గొంతు పెట్టలేదు. చేతుల్ని చూపించాడు. చేతులు ఏంచేస్తున్నాయో ఆగకుండా చూపిస్తే, మనసు ఏంచేస్తోందో ప్రేక్షకుడే చెప్పుకుంటాడు.

గొంతు పెట్టడం తప్పని మా వాదన కాదు. కరొలైన్ కెప్నెస్ 2014లో రాసిన 'యూ' నవలలో హంతకుడు తాను వెంటాడే అమ్మాయిని 'నువ్వు' అని సంబోధిస్తూ కథ చెప్తాడు. 2018లో మొదలై 2025దాకా అయిదు భాగాలుగా నడిచిన దాని సీరియల్ ఆ గొంతుని అట్లాగే ఉంచింది. ఫలితం ఏమైంది? ఆ గొంతు తియ్యగా ఉండడంతో ప్రేక్షకుల్లో చాలామంది వాడిమీద మనసు పారేసుకున్నారు. ఆ పాత్ర వేసిన పెన్ బాడ్జ్‌లీయే పూనుకుని, బాబూ వీడు హంతకుడు అని వాళ్లకి గుర్తుచెయ్యాల్సి వచ్చింది. గిలియన్ ఫ్లిన్ 2006 నవల 'షార్ప్ ఆబ్జెక్ట్స్'ని 2018లో జాన్‌మార్క్ వాలే ఇంకో దారిలో తీశాడు. అందులో కథానాయిక ఒక పత్రికా విలేకరి. తన ఒంటిమీద తనే బ్లేడుతో మాటలు చెక్కుకున్న మనిషి. నవల ఆమె చెప్పేకథ. సీరియల్‌లో ఆమె జ్ఞాపకాలు కన్నుమూసి తెరిచేంతలో వచ్చిపోతుంటాయి, ప్రేక్షకుడు చూశానో లేదో తేల్చుకోకముందే. ఆమె ఒంటిమీదున్న మాటలు గోడలమీద, కారు తలుపులమీద అక్షరాలై కనిపిస్తాయి. మన దేశంలోనే చూస్తే, విక్రమ్ చంద్ర 2006 నవల 'సేక్రెడ్ గేమ్స్'లో గణేశ్ గాయ్‌తోండే చచ్చిపోయాక కూడా తన కథ తనే చెప్తుంటాడు. 2018 సీరియల్ ఆ గొంతుని నవాజుద్దీన్ సిద్దిఖీకి ఇచ్చింది. ఆ కథలో ముంబై పోలీసుల్లో తలపాగాతో ఒంటరిగా తిరిగే సిక్కు ఇన్‌స్పెక్టర్‌గా సైఫ్ అలీ ఖాన్. హిందూ డాన్‌గా ఒక ముస్లిం, సిక్కు పోలీసుగా ఇంకొక ముస్లిం. నటనలో ఇంకొకరి పేరు తొడుక్కోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పేరు తెరమీద వెయ్యాల్సి వచ్చినప్పుడే పేచీ. యూసుఫ్ ఖాన్ 1944లో దిలీప్ కుమార్‌గా తెరకెక్కాడు. ముంతాజ్ జహాన్ మధుబాల అయింది. మహజబీన్ మీనా కుమారి అయింది. ఎవరినీ చంపకుండా.

ఈ సీరియల్ మమ్మల్ని కుదిపింది మాత్రం చేతుల దగ్గర కాదు, కాగితాల దగ్గర. ప్రతి హోటల్లో గుమాస్తా పాస్‌పోర్టు అడుగుతాడు. తీసుకుంటాడు. విప్పుతాడు. ఫోటో చూస్తాడు. మొహం చూస్తాడు. ఒక్క క్షణం. ఆ తర్వాత లావుపాటి రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకుంటాడు. బ్యాంకులో సంతకం పోల్చిచూస్తారు. పోస్టాఫీసులో, రైల్వేస్టేషన్లో, అద్దె ఇంట్లో మళ్లీ అదే. టామ్ డికీ సంతకాన్ని పదేపదే సాధన చేస్తాడు. డికీ రాసినట్టే ఉత్తరాలు టైపు చేస్తాడు. ఆధునిక రాజ్యంలో మనిషి అంటే ఒక ఫోటో, ఒక సంతకం, ఒక రిజిస్టర్‌లో ఒక వరస అని నేర నవలల్లో ఇంత సూటిగా చెప్పినవి తక్కువ. హత్యని దర్యాప్తు చేసే ఇన్‌స్పెక్టర్ రవీనీ కూడా కాగితాల మనిషే. మౌరిత్సియో లంబార్దీ ఆ పాత్రని అద్భుతంగా చేశాడు. మర్యాదస్తుడు, ఓపికమంతుడు, సిగరెట్ వెలిగించుకుని తీరిగ్గా కూర్చుని ఒక్కొక్క తేదీ అడిగి తెలుసుకుంటాడు. ఎదురుగా కూర్చున్న మనిషి డికీ గ్రీన్‌లీఫా కాదా అన్న ప్రశ్న మాత్రం ఆయనకి చాలాకాలం రాదు. ఎందుకు రాదు? చేతిలో పాస్‌పోర్టు ఉంది. ఒంటిమీద మంచి సూటు ఉంది. అమెరికన్ ఇంగ్లీషు ఉంది. తెల్లతోలు ఉంది.

ఇక్కడే మేం ఈ కథని మిగతా ప్రేక్షకుల్లాగ చూడలేకపోయాం. రిప్లీ ఎంత ప్రతిభావంతుడైనా, వాడి ప్రతిభ ఒక మూలధనం మీద నిలబడింది. అది వాడు సంపాదించింది కాదు. వాడు పేదవాడు, అనాథ, వర్గరీత్యా డికీకి చాలా కింద ఉన్నవాడు. అయినా డికీ అయిపోవడానికి వాడికి అడ్డమొచ్చింది వర్గం ఒక్కటే. వర్గాన్ని చొక్కాతో, ఉంగరంతో, నడకతో దాటెయ్యొచ్చని నవల చూపిస్తుంది. నవలలోగాని సీరియల్‌లోగాని టామ్ రిప్లీ అన్న పేరు విని ఎవరూ మొహం చిట్లించరు. ఆ పేరు వాడికి బరువు కాదు, ఖాళీ సంచీ. అందుకే వాడు దాన్ని ఎప్పుడు కావలిస్తే అప్పుడు విడిచి, ఎప్పుడు అవసరమైతే అప్పుడు తొడుక్కోగలిగాడు. నవల సగంలో మళ్లీ టామ్ రిప్లీగా మారాల్సి వచ్చినప్పుడు వాడికి కలిగే దుఃఖం చదివితే ఆశ్చర్యమేస్తుంది. పాత, మరకపడ్డ బట్టల్లోకి తిరిగి దూరుతున్నట్టు బాధపడతాడు. హత్యకి పడని బాధ అది.

రిజిస్టర్ ముందు గుమాస్తా రిప్లీ విషయంలో కాగితం చూసి మనిషిని నమ్మాడు. కాగితం సరిగ్గా ఉన్నా పేరు చదివి మనిషిని అనుమానించే గుమాస్తాలు వేరే ఉంటారు. అద్దె ఇల్లు వెతుక్కుంటూ ఫోన్లో అంతా మాట్లాడుకుని, చివర్న పేరు చెప్పగానే 'నిన్ననే ఎవరికో ఇచ్చేశామండీ' అనిపించుకున్న అనుభవం మాలో చాలామందికి ఉంది. అప్పుడు ఒక తమాషా ఆలోచన వస్తుంది. ఇంకో పేరు చెప్పుంటే? చెప్పినవాళ్లూ ఉన్నారు. పిల్లలకి ఏ మతమో తెలియని పేరు పెట్టిన తల్లిదండ్రులున్నారు. రిప్లీ పైకెక్కడానికి ఇంకొకరి పేరు దొంగిలించాడు. కొందరు ఉన్నచోట ఉండనిస్తే చాలని ఇంకో పేరు అరువు తెచ్చుకుంటారు. చట్టం దృష్టిలో ఈ రెండో పని కూడా మోసమే అవుతుందేమో. హైస్మిత్ రాసిన ప్రపంచంలో రెండోరకం మనిషికి చోటులేదు. అది ఆమె లోపమని కాదు, ఆమెకి తెలిసిన ప్రపంచం అదని.

ఆమెకి పేరు దాచుకోవడం తెలియదా అంటే, బాగా తెలుసు. 1921లో టెక్సాస్‌లో పుట్టేనాటికే తల్లిదండ్రులు విడిపోయారు. కన్నతండ్రి ఇంటిపేరు ప్లాంగ్‌మన్. ప్రపంచానికి తెలిసిన హైస్మిత్ అనే ఇంటిపేరు మారుతండ్రిది. 1950లో మొదటి నవల 'స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రైన్' వచ్చింది. మరుసటి ఏడు హిచ్‌కాక్ దాన్ని సినిమా తీశాడు. పేరొచ్చింది. సరిగ్గా అప్పుడే ఇద్దరు స్త్రీల ప్రేమగురించి నవల రాసి, 1952లో దాన్ని క్లేర్ మోర్గన్ అనే దొంగపేరుతో అచ్చువేయించింది. ఆమె స్త్రీలనే ప్రేమించిన స్త్రీ. ఆ సంగతి బయటపడితే రచయితగా బతుకు తెల్లారిపోయే రోజులవి. 1990లోగాని ఆ పుస్తకం 'కేరల్' అనే శీర్షికతో ఆమె అసలు పేరుతో రాలేదు. ముప్పై ఎనిమిదేళ్లు. ఆ నవల తర్వాత మూడేళ్లకే రిప్లీని రాసింది. ఇంకొకరి పేరులో తలదాచుకుని, ఎప్పుడు ఎవరు గుర్తుపడతారోనని వీధి చివరిదాకా చూసుకుంటూ నడిచే ఆ భయం ఊహించి రాసింది కాదు.

ఇంతవరకు చదివిన మిత్రులకి ఆమె మనమనిషే అనిపించవచ్చు. అట్లా అనిపించడానికి ఇంకో కారణం కూడా చూపిస్తారు. 1983లో వచ్చిన 'పీపుల్ హూ నాక్ ఆన్ ది డోర్' అనే నవలని ఆమె పలస్తీనా ప్రజలకి అంకితం చేసింది. అమెరికాలో ఒక పేరున్న రచయిత్రి ఆ రోజుల్లో ఆ పని చెయ్యడం చిన్న విషయం కాదు. మన ఉర్దూ సభల్లో ఎవరైనా ఈ సంగతి చెప్తే చప్పట్లు మోగుతాయని మాకు తెలుసు.

ఆ చప్పట్లలో మేం చేతులు కలపం. హైస్మిత్ యూదుల్ని ద్వేషించింది. ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని కాదు, యూదుల్ని. ఆమె జీవితచరిత్రలు రాసిన ఆండ్రూ విల్సన్, జోన్ షెంకర్ ఇద్దరూ దీన్ని దాచలేదు. 2021లో అచ్చయిన ఆమె డైరీల్లో మరీ ఘోరమైన మాటలు కొన్నింటిని సంపాదకులు వదిలేశారు కూడా. ఆమెకి యూదు స్నేహితులున్నారు, ప్రేమించిన యూదు స్త్రీలున్నారు. అయినా ఆ ద్వేషం వయసుతోపాటు ముదిరింది. మారుపేర్లతో పత్రికలకి ఉత్తరాలు రాసేదాకా వెళ్లింది. క్లేర్ మోర్గన్ అనే పేరు వెనక ఆమె ఒక ప్రేమని దాచింది. ఈ పేర్ల వెనక ద్వేషాన్ని దాచింది. పలస్తీనా వాళ్లకి న్యాయం కావాలని ఆమె కోరిందా, యూదులమీద కసి తీర్చుకోడానికి పలస్తీనాని వాడుకుందా అని విడదీసి చెప్పడం కష్టం. ఒక మైనారిటీమీద ద్వేషంతో ఇంకో మైనారిటీకి దొరికే మద్దతుని మేం ఒప్పుకోం. మమ్మల్ని ఇష్టపడకుండా మా బిర్యానీనీ మా గజల్నీ ఇష్టపడేవాళ్లని చూసినవాళ్లం. మాకు ఇంకొకరిమీద కోపంతో వచ్చే దోస్తీ కూడా అంతే.

అట్లాగని రిప్లీని పక్కనపడేస్తామా? వెయ్యం. మనుషుల్ని వస్తువులుగా చూసే చూపు ఎట్లా పనిచేస్తుందో ఆ నవలలో ఉన్నంత వివరంగా ఎక్కడా లేదు. బహుశా అది ఆమె తనలో చూసుకుని రాసింది. ఈ సీరియల్ తీసిన జైలియన్ గురించి ఒక మాట ఇక్కడ చెప్పాలి. 1993లో వచ్చిన 'షిండ్లర్స్ లిస్ట్' సినిమాకి స్క్రీన్‌ప్లే రాసి ఆస్కార్ తీసుకున్నది ఈయనే. ఆ సినిమా ఒక జాబితా గురించి. టైపుచేసిన కాగితంలో పేరుంటే బతుకు, లేకపోతే చావు. ముప్పై ఏళ్ల తర్వాత అదే మనిషి ఇంకో టైపు మిషను దగ్గర కూర్చోబెట్టిన టామ్ రిప్లీ కాగితంమీద పేరు కొడుతుంటే, ఆ అక్షరాల చప్పుడు మాకు మామూలుగా వినిపించలేదు. దర్శకుడు ఆ పోలిక ఉద్దేశించాడని మేం అనడంలేదు.

ఇంక లోపాలు. ఆండ్రూ స్కాట్ గొప్ప నటుడు, సందేహంలేదు. కళ్లు కదపకుండా అవమానాన్ని మింగడం ఆయన చేసినట్టు ఇంకొకరు చెయ్యలేరు. కాని సీరియల్ వచ్చేనాటికి ఆయనకి నలభై ఏడేళ్లు. పాతికేళ్లవాడు డబ్బున్న స్నేహితుడి అద్దంముందు నిలబడి వాడి బట్టలు తొడుక్కుంటే అందులో ఆకలి ఉంటుంది, కుర్రతనం ఉంటుంది, జాలి కూడా పుడుతుంది. నలభై దాటినవాడు అదే పని చేస్తే మొదటి నిమిషంనుంచే నేరస్థుడుగా కనిపిస్తాడు. నవలలో టామ్ మన కళ్లముందు హంతకుడౌతాడు. ఇక్కడ హంతకుడుగానే ఇటలీలో దిగుతాడు. అందువల్ల డికీని చంపేముందరి రెండు భాగాల్లో ఉండాల్సిన తెగని ప్రశ్న, వీడికి డికీ కావాలా డికీ జీవితం కావాలా అన్నది, బలహీనపడింది. మార్జ్ వాడిని మొదటినుంచీ అనుమానిస్తుంది, మనమూ అనుమానిస్తాం. డకోటా ఫానింగ్ మార్జ్‌ని నవలలోకంటే తెలివైనదాన్నిగా చెయ్యడం మాత్రం మంచి దిద్దుబాటు. హైస్మిత్ ఆ పాత్రని టామ్ అసహ్యంతోనే రాసింది.

రెండోది కారవాజ్జో. నవలలో లేని ఈ చిత్రకారుణ్ణి సీరియల్ అడుగడుగునా తెస్తుంది. 1606లో రోమ్‌లో ఒక మనిషిని చంపి పారిపోయి, నేపుల్స్, మాల్టా, సిసిలీ తిరిగిన కళాకారుడు. టామ్ ఆ బొమ్మలముందు నిలబడి వెలుగునీడల్ని చదువుకుంటాడు. వెనిస్‌లో రవీనీ మళ్లీ ఎదురైనప్పుడు గదిలో దీపాల్ని ఆ బొమ్మల్లోలాగే అమర్చి, మారువేషంతో చీకట్లో కూర్చుని, డికీగా చూసిన మొహాన్నే టామ్‌గా చూపించి గట్టెక్కుతాడు. ఆ ఒక్క దృశ్యంకోసం కారవాజ్జోని క్షమించవచ్చు. కాని చివరి భాగాన్ని 1606లోనే మొదలుపెట్టి హంతకుడూ చిత్రకారుడూ ఒకటే అన్నట్టు చూపించడం ఎందుకు? టామ్ కళాకారుడు కాడు. నకలు రాసేవాడు. నేరానికి కళ అనే కిరీటం పెట్టే ఈ అలవాటు, హంతకుడుగా పుట్టినా సరే పెద్దింటి హంతకుడై ఉండాలనే మోజులోంచి వచ్చింది. అదే హత్యని నేపుల్స్ రేవులో కూలివాడు చేసుంటే కారవాజ్జో గుర్తుకొచ్చేవాడా?

ముగింపు గురించి చెప్పి ఆపుతాం. నవలలో టామ్ గెలుస్తాడు. దొంగ వీలునామాతో డికీ ఆస్తి చేతికొస్తుంది. ఓడమీద గ్రీసు చేరుతుంటే ప్రతి రేవులోనూ పోలీసులు తనకోసం నిలబడి ఉన్నట్టు ఊహించుకుంటాడు. రేవులో ఎవరూ లేరు. ఇకమీద ప్రతి రేవులోనూ ఇట్లా చూసుకోవాలా అన్న ఆలోచన వచ్చి, వెంటనే దాన్ని తోసేస్తాడు. పోలీసు బయట లేడు. లోపల కాపురం పెట్టాడు. సీరియల్ ఈ పోలీసుని మళ్లీ బయటికి తెచ్చింది. మార్జ్ రాసిన పుస్తకం రోమ్‌లో రవీనీ చేతికి అందుతుంది. పేజీలు తిప్పుతుంటే డికీ గ్రీన్‌లీఫ్ ఫోటో కనిపిస్తుంది. తను రోమ్‌లో ఎదురుగా కూర్చోబెట్టుకుని మర్యాదగా మాట్లాడిన డికీ ఇతను కాడు. ఆయన మొహంలో అది అర్థమైన క్షణంలో సీరియల్ ఆగిపోతుంది. ప్రేక్షకుడికి హాయిగా ఉంటుంది, 1960 నాటి సినిమాలో పడవకి చుట్టుకున్న శవంలాగే. రెండో భాగానికి దారి వేసుకున్నారేమో కూడా. మాకు మాత్రం ఆ రేవే కావాలనిపించింది. అందులో చూపించడానికి ఏమీ లేదని దర్శకుడు అనుకుని ఉండవచ్చు. కాని అంతకుముందు ఏడు గంటలపాటు హోటల్ గుమాస్తా పాస్‌పోర్టు విప్పి మొహంవైపు తలెత్తే ఆ ఒక్క క్షణాన్ని అన్నిసార్లు, అంత ఓపికగా చూపించింది ఈ దర్శకుడే. గ్రీసులో ఒక హోటల్, ఒక గుమాస్తా, ఒక రిజిస్టర్, కొత్త పేరుతో కొత్త పాస్‌పోర్టు. అది చాలు. గుమాస్తా తలెత్తుతాడు.